బ్రోడీ టీచరుగారి పిల్లలు

థ్రిల్లర్ రాసేవాళ్లు చచ్చినా చెయ్యని పని ఒకటుంది. చివర్లో ఏమవుతుందో ముందే చెప్పెయ్యరు. మ్యూరియల్ స్పార్క్ 1961లో వచ్చిన తన నవల ‘ద ప్రైమ్ ఆఫ్ మిస్ జీన్ బ్రోడీ’లో సరిగ్గా ఆ పనే చేసింది. టీచరుగారి అభిమాన శిష్యురాళ్లు ఆరుగురు. వాళ్లలో మేరీ అనే పిల్ల 23 ఏళ్లకే ఒక హోటల్లో మంటల్లో చిక్కుకుని, ఎటు పోవాలో తెలియక వరండాల్లో అటూ ఇటూ పరిగెత్తి చనిపోతుందని కథ ఇంకా అందుకోకముందే చెప్పేస్తుంది. శాండీ అనే పిల్ల సన్యాసినుల మఠంలో చేరుతుందనీ, టీచరు ఉద్యోగం పోవడానికి కారణం ఆమేననీ సగం పుస్తకం దగ్గరికే తెలిసిపోతుంది. ఎవరు పోతారు, ఎవరు చేస్తారు అన్న కుతూహలానికి ఇక్కడ తావే లేదు. అయినా చదువుతున్నంతసేపూ గుండె దడదడలాడుతూనే ఉంటుంది. ఎందుకంటే అసలు జరిగిన నేరం ఏమిటన్నది మాత్రం తేలదు. తేలిందనుకున్న ప్రతిసారీ చేజారిపోతుంది.

ఈ పుస్తకం నాకు ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల గుట్టలో దొరికింది. నూట పాతిక, నూట ముప్పై పేజీలకు మించని చిన్న నవల. ఇప్పటికి నాలుగుసార్లు చదివి ఉంటాను. ఆడపిల్లల కాలేజీలో పాతికేళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పిన మనిషిని కాబట్టి దీన్ని ఊరికే కథలా చదివి పక్కన పెట్టడం నా వల్ల కాలేదు. స్త్రీల మధ్య ఆధిపత్యం గురించి మాట్లాడాల్సి వస్తే మనం అత్తాకోడళ్ల దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతాం. మహా అయితే ఇంటి యజమానురాలు, పనిమనిషి దాకా వెళ్తాం. ఒక టీచరమ్మకీ, ఆమెను ఆరాధించే పదేళ్ల పిల్లకీ మధ్య ఉండే బంధంలో అధికారం ఎంత తియ్యగా, ఎంత కనపడకుండా ఉంటుందో రాసినవాళ్లు తక్కువ. స్పార్క్ రాసింది. అదీ నవ్విస్తూ రాసింది. ఆ నవ్వే చాలామంది పాఠకుల్ని తప్పుదోవ పట్టించిందని నా అనుమానం.

కథ 1930లో మొదలవుతుంది. స్కాట్లాండులోని ఎడింబరో నగరంలో మార్షియా బ్లేన్ అనే ఆడపిల్లల స్కూలు (ఇది కల్పితం). అందులో చిన్న తరగతుల టీచరు జీన్ బ్రోడీ. వయసు నలభై. పెళ్లి కాలేదు. పెళ్లాడాల్సిన ప్రియుడు మొదటి ప్రపంచ యుద్ధం ఆగిపోవడానికి వారం ముందు చనిపోయాడు. పదేళ్ల పిల్లల్లో ఆరుగుర్ని తనవాళ్లుగా ఏరుకుంటుంది. క్లాసులో చరిత్ర పుస్తకం పైకెత్తి పట్టుకోమంటుంది, హెడ్‌మిస్ట్రెస్ తొంగిచూస్తే పాఠం జరుగుతున్నట్టు కనపడాలి కదా. పుస్తకాల చాటున మాత్రం తన ప్రేమకథ, ఇటలీ ప్రయాణాలు, ముఖానికి ఏ క్రీము మంచిది, ఏ చిత్రకారుడు గొప్ప, ముస్సోలినీ ఎంత సమర్థుడు అన్నీ చెబుతుంది. ఇటలీలోకెల్లా గొప్ప చిత్రకారుడెవరని అడుగుతుంది. పిల్లలు లియొనార్డో అంటే కాదంటుంది, జియోట్టో అంటుంది. కారణం, తనకి ఆయనంటే ఇష్టం. అంతే. ఆ జవాబులో ఆమె బోధన అంతా ఉంది. ఇష్టమే ప్రమాణం. అయితే ఆ ఇష్టం ఎప్పుడూ ఆమెదే.

బ్రోడీని తిట్టిపారెయ్యడం చాలా తేలిక. కానీ ఆమెను ఇష్టపడకుండా ఉండటం కష్టం. ముందు ఆ సంగతి ఒప్పుకోవాలి. పరీక్షలూ, మార్కులూ, క్రమశిక్షణా తప్ప మరొకటి పట్టని స్కూల్లో పిల్లలకి పాటా, నాటకమూ, చిత్రకళా, ప్రేమా అనేవి ఉన్నాయని చెప్పిన మనిషి ఆమె ఒక్కతే. తన సొంత ఖర్చుతో వాళ్లని నాటకాలకి తీసుకెళ్తుంది. ఇంటికి పిలిచి టీ ఇస్తుంది. నువ్వు మామూలు పిల్లవి కాదని చెబుతుంది. పదేళ్ల వయసులో ఆ మాట ఎవరైనా మనతో అని ఉంటే మనం ఏమైపోయేవాళ్లమో ఒక్కసారి ఆలోచించండి. స్పార్క్‌కి అలా అన్న టీచరు నిజంగానే ఉంది. ఎడింబరోలో జేమ్స్ గిలెస్పీ బాలికల పాఠశాలలో తనకు చదువు చెప్పిన క్రిస్టినా కే గురించి స్పార్క్ 1992 నాటి ఆత్మకథలో ఎంతో ప్రేమగా రాసుకుంది. ఆమె కూడా ఇటలీ అంటే పడిచచ్చేది, గోడ మీద ముస్సోలినీ సేనల బొమ్మ పెట్టుకునేది. నువ్వు రచయితవి అవుతావని స్పార్క్‌కి చిన్నప్పుడే చెప్పింది కూడా ఆమే. అంటే ఈ నవల కక్షతో రాసింది కాదు. రుణం తీర్చుకుంటూనే వేలు చూపించింది. అందుకే ఇంత పదును.

బ్రోడీ ఒంటరితనానికి చరిత్ర ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ సైనికులు ఏడు లక్షల మందికి పైగా చనిపోయారు. 1921 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లలో మగవాళ్లకంటే ఆడవాళ్లు 17 లక్షలకు పైగా ఎక్కువ తేలారు. పత్రికలు వాళ్లని ‘మిగులు స్త్రీలు’ అన్నాయి. దుకాణంలో అమ్ముడుపోని సరుకులాగా! ఆ ‘మిగులు’ స్త్రీలలో చదువుకున్న చాలామందికి దొరికిన దారి టీచరు ఉద్యోగం. అక్కడా ఒక మెలిక ఉంది. ఆ రోజుల్లో చాలాచోట్ల టీచరుకు పెళ్లయితే ఉద్యోగం మానుకోవాల్సిందే. ఇంగ్లండులో 1944 చట్టంతో, స్కాట్లాండులో 1945 చట్టంతో గాని ఆ నిబంధన పోలేదు. మగ టీచరుకి ఇల్లూ, పెళ్లామూ, పిల్లలూ, ఉద్యోగమూ అన్నీ. ఆడ టీచరుకి ఏదో ఒకటి. ప్రేమించడానికి మనుషుల్లేని, ఏలడానికి ఇల్లు లేని, రాయడానికీ గీయడానికీ వేదిక లేని ఒక తెలివైన స్త్రీకి నాలుగు గోడల క్లాసు గది, అందులో తనవైపే చూసే కళ్లు దొరికాయి. పితృస్వామ్యం ఆమెకు మిగిల్చిన రాజ్యం అది. దాన్ని ఆమె రాజులాగానే ఏలింది.

నా తగాదా ఇక్కడే మొదలవుతుంది. ఆ రాజ్యంలో ఎలా బతకాలో ఆ పిల్లలకు తెలుసు. కారణాలు వివరించినంత మాత్రాన వాళ్లకు జరిగింది జరగనట్టు అయిపోదు.

స్పార్క్ గొప్పతనమంతా ఆ పని ఎలా జరిగిందో చూపించడంలో ఉంది. బ్రోడీ ఎవరినీ కొట్టదు, అరవదు. ఒక్కొక్కరికీ ఒక్కొక్క పేరు అంటగడుతుంది. మోనికా లెక్కల్లో దిట్ట, కోపిష్ఠి. యూనిస్ ఆటల్లో మేటి. జెన్నీ అందగత్తె, నటి కావాల్సిన పిల్ల. శాండీవి చిన్నచిన్న కళ్లు, మాటల ఉచ్చారణ బాగుంటుంది. రోజ్ ఆకర్షణకి పేరుమోసింది. మేరీ మొద్దు. ఈ ఆరు బిరుదులూ పదహారేళ్లు వచ్చేదాకా వాళ్ల మెడల్లో వేలాడుతూనే ఉంటాయి. రోజ్‌కి నిజానికి మగపిల్లల మీద అంత ధ్యాసే ఉండదు. అయినా పేరు మాత్రం పోదు. పేరు పెట్టడమంటే దారి గీయడమే. ఆపైన రహస్యాలు. పెద్దవాళ్లు పిల్లలకు చెప్పకూడనివన్నీ చెప్పి, ఇది మన మధ్యే ఉండాలంటుంది. తన మీద హెడ్‌మిస్ట్రెస్ కుట్ర పన్నుతోందని పదకొండేళ్ల పిల్లలకు చెబుతుంది. ఇక వాళ్లు పిల్లలు కారు, కాపలాదారులు. ఆ భారాన్ని వాళ్లు గౌరవం అనుకుంటారు.

ఇక మేరీ. క్లాసులో సిరా ఒలికితే మేరీ. ఎవరైనా నవ్వితే మేరీ. ఆమె ఏం చేసినా తప్పే. ఆరుగురు ఏకంగా ఉండాలంటే తిట్టడానికి ఒకరు కావాలి. ఆ ఒకరు కూడా గుంపు లోపలే ఉండాలి. బయట ఉన్నవాళ్లని తిడితే గుంపుకి భయం పుట్టదు. లోపలి మనిషిని తిడుతూ ఉంటేనే మిగిలిన అయిదుగురికీ రేపు నా వంతు కావచ్చునన్న బెరుకు ఉంటుంది. నవల్లో ఒక ఘట్టం ఉంది. బ్రోడీ పిల్లల్ని ఎడింబరో పాతబస్తీ గుండా నడిపించుకెళ్తుంది. ఆర్థికమాంద్యం రోజులు. భృతి కోసం నిరుద్యోగులు బారులుతీరి నిలబడ్డ వీధులు. శాండీకి పక్కన నడుస్తున్న మేరీ మీద హఠాత్తుగా జాలి కలుగుతుంది. ఒక మంచి మాట మాట్లాడదామనుకుంటుంది. అంతలోనే ముందు నడుస్తున్న టీచరు గొంతు వినపడుతుంది. మేరీతో మంచిగా ఉంటే తాను గుంపులోంచి విడిపోతాననిపిస్తుంది. ఊరుకుంటుంది. ఊరుకోవడమే కాదు, సూటిపోటి మాట కూడా అంటుంది. ఆ నడకలోనే ఆమెకు తట్టుతుంది, బ్రోడీకి ముస్సోలినీ నల్లచొక్కాలవాళ్లంటే ఎందుకిష్టమో. తామంతా ఆమె సొంత నల్లచొక్కాల దళం! పదేళ్ల పిల్ల ఊరుకోవడంలో ఫాసిజం మొత్తాన్ని ఇంత తక్కువ మాటల్లో చూపించిన రచన మరొకటి నాకు తెలియదు.

నేను ఏడో తరగతి చదివిన హాస్టలు స్కూల్లో ఒక తెలుగు టీచరు ఉండేవారు. ఆవిడ పద్యం ఎత్తుకుంటే పక్క క్లాసు పిల్లలు కూడా కిటికీల దగ్గరికి చేరేవారు. ఆవిడకి ‘మా పిల్లలు’ అని ఏడుగురు. సాయంత్రం ఆవిడ గదికి వెళ్లి పూలు కట్టడం, ఆవిడ జడ వెయ్యడం, మా నోటుపుస్తకాలు దిద్దడం వాళ్ల పని. ఆ ఏడుగురిలో నేను లేను. నా బెంచీలో కూచునే పిల్ల ఉంది. ఆ గదిలో ఏది పగిలినా, ఏది కనపడకపోయినా ఆ పిల్ల పేరే వచ్చేది. మోకాళ్ల మీద నిలబెట్టిన రోజున కూడా సాయంత్రమయ్యేసరికి పూలబుట్ట పట్టుకుని బయల్దేరేది. ఎందుకే, మానెయ్యొచ్చుగా అంటే, “మానేసి ఎక్కడికి పోను?” అనేది. నాకు ఆ మాట అర్థం కావడానికి మేరీ మక్‌గ్రెగర్ కథ చదవాల్సి వచ్చింది. ఆ గదిలో తిట్లు తినడం, ఆ గదికి బయట ఎవరికీ పట్టకుండా ఉండటం. ఈ రెంటిలో మొదటిదే నయమని పన్నెండేళ్ల పిల్ల తేల్చుకుంది.

అభిమాన శిష్యుల కథ మనకేం కొత్త కాదు. ద్రోణుడు అర్జునుణ్ణి మించిన విలుకాడు ఉండకూడదని మాటిచ్చి, ఆ మాట కోసం ఏకలవ్యుడి బొటనవేలు అడిగాడు. దళిత రచయితలు ఈ కథను ఎన్నిసార్లు తిరగరాశారో లెక్కలేదు, తిరగరాయాల్సిందే కూడా. కానీ అర్జునుడి వైపు నుంచి ఒక ప్రశ్న అడిగినవాళ్లు తక్కువ. నీ కోసం మరొకడి వేలు తెగిందని తెలిశాక నీకు ఆ విల్లు ఎత్తబుద్ధి ఎలా అయింది? శాండీ స్ట్రేంజర్ ఆ ప్రశ్న వేసుకున్న అర్జునుడు. వేసుకుని ఏం చేసింది?

చేసింది తెలుసు. కథ చివరిభాగంలో బ్రోడీకి చిత్రలేఖనం మాస్టారు టెడ్డీ లాయిడ్ మీద ప్రేమ. అతనికి పెళ్లయింది, ఇంటినిండా పిల్లలు. కాథలిక్కు. అందుకని తాను అతన్ని వదులుకున్నాననుకుంటుంది బ్రోడీ. తన బదులు రోజ్ అతని ప్రేయసి కావాలని మనసులో పథకం వేస్తుంది. శాండీ ఆ సంగతులు తనకు మోసుకొచ్చే వేగు. తన శరీరానికి బదులుగా శిష్యురాలి శరీరాన్ని నియమించడం! ఇంతకంటే పచ్చిగా అధికారాన్ని ఊహించగలమా? లెక్క తప్పింది. 1938 వేసవిలో అతనితో పడుకున్నది వేగు. లాయిడ్ ఎవరి బొమ్మ గీసినా బ్రోడీ ముఖమే వస్తుంది. శాండీ అతన్ని వదిలేస్తుంది, అతని మతాన్ని మాత్రం తీసుకుంటుంది. ఈలోగా బ్రోడీ మాటలు నమ్మి, గుంపులోకి రానివ్వమని చుట్టూ తిరిగిన జాయిస్ ఎమిలీ అనే పిల్ల ఫ్రాంకో తరఫున పోరాడటానికని స్పెయిన్ బయల్దేరి, రైలు మీద జరిగిన దాడిలో చనిపోయింది. ఆ సంగతి తెలిశాక శాండీ హెడ్‌మిస్ట్రెస్ మకై దగ్గరికి వెళ్తుంది. మకై ఏళ్ల తరబడి బ్రోడీని ప్రేమవ్యవహారాల్లో పట్టుకోవాలని చూసి విఫలమైంది. అటు కాదు, రాజకీయాల వైపు చూడమంటుంది శాండీ. 1939లో ఫాసిజం బోధించిందన్న కారణంతో బ్రోడీని ఉద్యోగంలోంచి తప్పిస్తారు.

విమర్శకులు ఇక్కడ శాండీది ద్రోహమా, ధర్మమా అని వాదించుకుంటారు. ఆ చర్చలో ఒక మనిషి ఊసు రాదు. టెడ్డీ లాయిడ్. స్టూడియోలో పదిహేనేళ్ల శాండీని పట్టుకుని ముద్దుపెట్టుకున్నవాడు. బడి వదిలి ఏడాదైనా కాని పిల్లను మంచమెక్కించినవాడు. నవల్లో అతని మీద ఈగైనా వాలదు. ఉద్యోగం పోదు, ఇల్లు పోదు, పేరు పోదు. బొమ్మలు గీసుకుంటూ ఉంటాడు. పిల్లల మనసుతో ఆడుకున్న స్త్రీకి శిక్ష పడింది, శరీరంతో ఆడుకున్న మగవాడిని అడిగినవాళ్లు లేరు. స్పార్క్ ఇది తెలిసే రాసిందా? తెలిసే రాసిందని నాకనిపిస్తుంది. అతన్ని ఒంటిచేతి మనిషిగా, ఒకే ముఖం తప్ప గీయలేని చిత్రకారుడిగా చేసి ఆమె తన శిక్ష తాను వేసింది. కానీ అది రచయిత్రి వేసిన శిక్ష. స్కూలు వెయ్యలేదు. మకై దృష్టిలో స్కూలుకు ప్రమాదం బ్రోడీయే.

ఇంకో మాట కూడా చెప్పాలి. శాండీ చేసిన పనికి బ్రోడీ శిక్షణే కనపడుతుంది. తాను చెప్పినవాటిలో కొంత నిజం, కొంత ఎర, ఎదుటివాళ్లకు ఏది కావాలో కనిపెట్టి అది అందించడం, ఆ తర్వాత చేతులు కడుక్కోవడం. ఇవన్నీ ఆమె ఎక్కడ నేర్చుకుంది? యుద్ధకాలంలో, 1944లో, స్పార్క్ స్వయంగా బ్రిటిష్ విదేశాంగశాఖ కింద శత్రువుల కోసం నిజాలూ అబద్ధాలూ కలిపి ప్రచారం వండే విభాగంలో పనిచేసింది. నిజాన్ని ఎంత పాళ్లలో కలిపితే అబద్ధం నిలుస్తుందో తెలిసిన మనిషి. తండ్రి యూదుడు. అలాంటి రచయిత్రి, యుద్ధం అయిపోయాక బ్రోడీ చేత హిట్లర్ గురించి అల్లరిపిల్లాడి గురించి అన్నట్టు ఒక్క ముక్కలో తేల్చి అనిపిస్తుంది. మొదటిసారి చదివినప్పుడు నవ్వాను. రెండోసారి నవ్వు రాలేదు.

1969లో రొనాల్డ్ నీమ్ తీసిన సినిమా చాలామంది చూసే ఉంటారు. బ్రోడీగా వేసిన మ్యాగీ స్మిత్‌కి ఉత్తమ నటిగా ఆస్కార్ వచ్చింది. (2024లో ఆమె పోయినప్పుడు టీవీలన్నీ హ్యారీ పాటర్ టీచరుగానే తలచుకున్నాయి. నాకు మటుకు ఆమె ఎప్పటికీ బ్రోడీ.) ఆమె నటన గురించి వంక పెట్టడానికేం లేదు. సినిమా మాత్రం నవలకు భయపడింది. స్పెయిన్‌లో చనిపోయే పిల్లనీ, మేరీనీ ఒక్కరిని చేసేసింది. దాంతో మేరీ చావుకి ఒక అర్థం, ఒక కారణం, ఒక దోషి దొరికాయి. చివర్లో శాండీ బ్రోడీ ఎదుట నిలబడి దులిపేస్తుంది. ప్రేక్షకులకు కడుపు నిండుతుంది. నవల్లో ఆ భోగం లేదు. బ్రోడీకి ద్రోహం చేసిందెవరో శాండీ ఎప్పుడూ చెప్పదు. మేరీ ఏ కారణమూ లేకుండా, ఎవరికీ పాఠం కాకుండా చనిపోతుంది.

నిజంగా థ్రిల్లర్ అనదగ్గది 2009లో జోర్డన్ స్కాట్ తీసిన ‘క్రాక్స్’. 1934, ఇంగ్లండు, ద్వీపం మీద ఒక బోర్డింగు స్కూలు. ఈదడం, దూకడం నేర్పే టీచరు మిస్ జీ (ఎవా గ్రీన్), ఆమె చుట్టూ ఒక బృందం, ఆ బృందానికి నాయకురాలు డై. స్పెయిన్ నుంచి ఫియామ్మా అనే కొత్త పిల్ల వస్తుంది. నిజంగా దేశాలు తిరిగిన పిల్ల. మిస్ జీ చెప్పే సాహసయాత్రలన్నీ పుస్తకాల్లోంచి ఎత్తుకొచ్చినవని ఇట్టే పసిగడుతుంది. మిస్ జీ అదే స్కూల్లో చదివి, అక్కడే టీచరై, గడప దాటి ఎరగదు. ఊళ్లోకి వెళ్లి రొట్టె కొనడానికి కూడా చేతులు వణికే మనిషి. ఆ దృశ్యం ఒక్కటి చాలు, సినిమా గుర్తుండిపోవడానికి. తర్వాతంతా దిగజారుడే. మత్తులో ఉన్న ఫియామ్మా మీద టీచరు అత్యాచారం, అది చూసిన డై, ఆపైన టీచరు మాటలు నమ్మి పిల్లలంతా అడవిలో ఫియామ్మాను వెంటాడి కొట్టడం, ఉబ్బసంతో ఊపిరాడక కొట్టుకుంటున్న పిల్లకు మందు అందించకుండా మిస్ జీ చూస్తూ నిలబడటం. దీనికి మూలం షీలా కోలర్ 1999లో రాసిన నవల. ఆ నవల జాతివివక్ష రాజ్యమేలిన దక్షిణాఫ్రికాలో జరుగుతుంది, ‘మేము’ అనే బహువచనంలో నడుస్తుంది. ఏ ఒక్కరూ ‘నేను చేశాను’ అనరు. అసలు ప్రాణం ఆ ‘మేము’లోనే ఉంది. సినిమా దేశాన్నీ మార్చింది, ‘మేము’నీ తీసేసింది, టీచర్ని ఒక్కదాన్నే రాక్షసిని చేసి ఊపిరి పీల్చుకుంది. కోలర్ అక్క 1979లో, భర్త నడుపుతున్న కారు రోడ్డు తప్పి పడిపోయిన ఘటనలో మరణించింది. అతను ఆమెను హింసించేవాడని కోలర్ 2017లో వచ్చిన జ్ఞాపకాల పుస్తకంలో రాసింది. ఇంట్లోవాళ్లు ఎవరూ ఆపలేకపోయారు. అది తెలిశాక ‘మేము’ అన్న మాట నాకు మరోలా వినిపించింది.

నన్ను కలవరపెట్టే సంగతి ఒకటుంది. ఆడపిల్లల్ని ప్రేమించే టీచరు కనపడగానే ఆమె లైంగికత మీద అనుమానపు చూపు పడుతుంది. ‘క్రాక్స్’ ఆ దారినే పోయింది. స్పార్క్ కూడా శాండీ చేత ఒక్కసారి ఆ మాట అనిపిస్తుంది. అయితే వెంటనే, సైకాలజీ సిద్ధాంతాలు ఎన్ని తగిలించినా బ్రోడీ వాటికి లొంగదని కూడా అంటుంది. ఈ అనుమానానికి ఎడింబరోలోనే రెండువందల ఏళ్ల చరిత్ర ఉంది. 1810లో అక్కడ మేరియాన్ వుడ్స్, జేన్ పిరీ అనే ఇద్దరు స్నేహితురాళ్లు సొంతంగా ఒక స్కూలు నడిపేవారు. వాళ్లిద్దరి మధ్య ‘అసహ్యమైన’ సంబంధం ఉందని ఒక విద్యార్థిని తన నానమ్మతో చెప్పింది. రెండురోజుల్లో పిల్లలంతా ఖాళీ. టీచర్లు పరువునష్టం దావా వేసి, 1819లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లి గెలిచారు. గెలిచేసరికి స్కూలూ లేదు, స్నేహమూ లేదు. ఆ విద్యార్థిని జేన్ కమింగ్ మన దేశంలో పుట్టింది. తండ్రి స్కాట్లాండువాడు, తల్లి భారతీయ స్త్రీ, పెళ్లి లేదు. ఇలాంటి సంగతులు ఇంగ్లీషు ఆడవాళ్లకు తెలిసే అవకాశమే లేదు, ఈ పిల్ల ఇండియాలో పనివాళ్ల దగ్గర నేర్చుకుని ఉంటుందని న్యాయమూర్తి ఒకరు వాదించాడు! లిలియన్ హెల్మన్ 1934లో ఈ కేసు ఆధారంగానే ‘ద చిల్డ్రన్స్ అవర్’ నాటకం రాసింది. అందులో ఆ పిల్ల డబ్బున్న తెల్ల అమెరికన్ పిల్ల అయిపోయింది. టీచర్ల వైపు నిలబడి ఈ కథ చదవడం మనకు తేలిక. తల్లిని పోగొట్టుకుని, రంగు తక్కువని అడుగడుగునా గుర్తుచేసే చోట, నానమ్మ దయ మీద బతుకుతున్న ఆ పిల్ల వైపు నుంచి చూడండి. ఆమె చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆయుధం ఆ మాట. నిజమో అబద్ధమో నేను చెప్పలేను. శాండీ మకై గదిలోకి వెళ్లినప్పుడు నాకు జేన్ కమింగ్ గుర్తొస్తుంది. ఇద్దరికీ వినే మనిషి దొరికింది. వాళ్ల కోసం విన్న మనిషి మాత్రం కాదు.

కాబట్టి బ్రోడీని స్త్రీవాద నాయికగా నెత్తిన పెట్టుకునే వ్యాసాలతో నాకు పేచీ. ఆమె స్వేచ్ఛ గురించి మాట్లాడింది నిజమే. ఆ స్వేచ్ఛలో ఎవరు ఎవరితో పడుకోవాలో, ఎవరు ఏ యుద్ధానికి పోవాలో ఆమే నిర్ణయించింది. అలాగే ఆమెను పెళ్లికాని ముసలిదాని పిచ్చిగా తీసిపారేసే రాతలతోనూ పేచీయే. ఒకరు బ్రోడీ దుఃఖాన్ని మరిచిపోతారు, ఇంకొకరు మేరీని మరిచిపోతారు. మేరీ గురించి ప్రత్యేకంగా ఒక్క పేరా రాసిన విమర్శ నేను చూసింది చాలా తక్కువ. మొద్దు పిల్ల కదా, విమర్శకులకు కూడా.

సైన్సు ల్యాబులో ఒకసారి ప్రయోగంలో మెగ్నీషియం భగ్గున మండుతుంది. మేరీ ఒక్కతే జడుసుకుని బల్లల మధ్య ఇటు పరిగెత్తితే ఇటు మంట, అటు పరిగెత్తితే అటు మంట. ఏళ్ల తర్వాత హోటల్లో జరిగిందీ అదే. చిన్నప్పటి ల్యాబులో ఆ పిల్లను పట్టుకుని ఆపారు గాని, మొద్దులా ఉండకని మందలించారు.

యుద్ధం అయ్యాక బ్రోడీ, శాండీ బ్రెయిడ్ హిల్స్ హోటల్లో కలిసి భోంచేస్తారు. అప్పటికి బ్రోడీకి జబ్బు చేసింది. తనను పట్టిచ్చింది ఎవరా అని ఒక్కొక్కరినే లెక్కపెడుతూ ఉంటుంది. చివరికి మేరీ మీద పడుతుంది ఆమె అనుమానం. మేరీతో తాను ఇంకొంచెం మంచిగా ఉండాల్సిందేమో అంటుంది. మేరీ చనిపోయి అప్పటికి మూడేళ్లు. ఎదురుగా కూచున్న శాండీ మేరీ కాదని చెప్పదు.